ఇంజను ఊపిరి

ఒక లీటరు పెట్రోలు చక్కగా మండవలెనంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావలెను. తూకములో చెప్పుకొంటే ఒక కిలో పెట్రోలుకు రమారమి 14.7 కిలోల గాలి. అంటే ఇంజను తినే తిండిలో దాదాపు పదహారు పాళ్ళకు పదిహేను పాళ్ళు గాలియే. నూనె ఒక్క పాలు. అయినను కారుగల మనిషి లెక్క వ్రాసుకొనేది ఆ ఒక్క పాలును గురించే. పెట్రోలుకు వెల ఉన్నది. గాలికి లేదు.

అందుచేతనే కాబోలు, గాలి దారిలో పుట్టిన జబ్బును ఎవ్వరును గాలి జబ్బుగా చెప్పుకొనరు. “పికప్ లేదు” అంటారు. “మిస్సింగ్ కొడుతున్నది” అంటారు. “మైలేజి పడిపోయినది”, “సిగ్నల్ దగ్గర నిలిస్తే ఇంజను ఆగిపోతున్నది” అంటారు. మొదట ప్లగ్గులు విప్పుతారు. పిదప పెట్రోలు పంపును అనుమానిస్తారు. చివరకు ఏదో ఒక ఖరీదైన భాగము మార్చి ఇంటికి పోతారు. వారము తిరుగకముందే జబ్బు తిరిగివస్తుంది. గాలి కంటికి కనబడదు, దాని లోపము ఎప్పుడును మరొక భాగము నోటినుండి వినబడుతుంది. ఆ కనబడని దొంగను పట్టుకొనుటకు మోటారు వైద్యులు 140 ఏండ్లుగా పడిన పాట్లలో కొన్నింటిని ఇక్కడ చెప్పదలచినాము.

ముందుగా “పీల్చుట” అనే మాట సంగతి. 1876లో జర్మనీ దేశమున కొలోను నగరము చెంత డాయిట్జ్‌లో నికొలాస్ ఆటో నాలుగు అంగల ఇంజనును నడిపించినాడు. నేటి పెట్రోలు కారు ఇంజను దాని సంతతియే. మొదటి అంగలో పిస్టను క్రిందికి దిగుతుంది. సిలిండరులో వెలితి ఏర్పడుతుంది. ఆ వెలితిని నింపుటకు బయటి గాలి లోపలికి దూకుతుంది. ఇంజను గాలిని పీల్చుకొన్నదని మనము అంటాము గాని, నిజానికి లోపలికి త్రోసినది మన నెత్తిపైనున్న వాతావరణపు బరువు. సముద్రమట్టమున అది చదరపు అంగుళానికి 14.7 పౌన్లు. (ఈ 14.7కును, పైన చెప్పిన 14.7కును ఏ చుట్టరికమును లేదు, కాకతాళీయము.) ఆ బరువుకు రాజమార్గమని, దొడ్డిదారి అని భేదము లేదు. ఫిల్టరు గుండా రమ్మని మనము వాకిలి పెట్టినను, గాస్కెట్టులో వెంట్రుకవాసి సందు ఉంటే అక్కడినుండియు వస్తుంది. గాలి జబ్బులన్నింటికిని మూలము ఇంతే: రావలసిన దారిని రాకపోవుట, రాకూడని దారిని వచ్చుట.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో గాలికిని నూనెకును సంధి కుదిర్చే పద్ధతి చాల మోటుది. గాలి నూనెను ఒరసికొంటూ పోయి, లేచిన ఆవిరిని మోసికొని ఇంజనులోనికి పోయేది. ఎండ కాస్తే ఆవిరి ఎక్కువ, చలి వేస్తే తక్కువ. 1888లో ఆయన భార్య బెర్తా ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మన్‌హైము నుండి ఫోర్జ్‌హైము వరకు ఆ బండిపై పోయినది. దారిలో గొట్టము మూసికొనిపోతే టోపీ సూదితో పొడిచి బాగుచేసుకొన్నదని ప్రసిద్ధి. అది నూనె గొట్టము, మన కథలోని గాలి గొట్టము కాదు. అయినను దారిలో ఆగిన కారుకు చికిత్స చేసినవారి జాబితా వ్రాస్తే మొదటి పేరు ఆ ఇల్లాలిదే కావలెనని మా అభిప్రాయము.

1893లో విల్‌హెల్మ్ మైబాఖ్ నూనెను సన్నని ముక్కునుండి తుంపరగా చిమ్మే కార్బురేటరును రూపొందించినాడు. అదే సంవత్సరము హంగరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లును అట్టిదానికే పేటెంటు తీసికొన్నారు. వీరి వెనుక ఒక పాత విద్య ఉన్నది. ప్రవాహము ఇరుకులో వేగము పుంజుకొన్నప్పుడు దాని ఒత్తిడి తగ్గునని 1738లో డేనియల్ బెర్నౌలీ గ్రంథములో చర్చించబడినది. ఇటలీ దేశస్థుడు వెంచూరి 1797లో గొట్టముల ఇరుకులపై చేసిన పరిశోధనలను పారిస్‌లో ప్రకటించినాడు. గాలి గొట్టములో ఒక నడుము నొక్కి, ఆ నడుము దగ్గర నూనె ముక్కును పెడితే, అక్కడి తక్కువ ఒత్తిడికి నూనె తనంతట తానే పైకి వస్తుంది. గాలి ఎంత పోతే నూనె అంత. మాటలో చెప్పినంత సులువుగా యంత్రములో కుదరదు. గాలి ఎక్కువై నూనె తక్కువైతే మిశ్రమము “లీన్” అయినదని, నూనె ఎక్కువైతే “రిచ్” అయినదని మెకానిక్కుల వాడుక. లీన్ అయిన ఇంజను దగ్గుతుంది, తడబడుతుంది, వేడెక్కుతుంది. రిచ్ అయినది నల్లపొగ వదలి ప్లగ్గులకు మసి పూస్తుంది.

ఈ తూకమును అన్ని వేగములలో నిలుపుటకు ఎందరో ఎన్నో ఉపాయములు పన్నినారు. వానిలో మాకు మిక్కిలి ఇష్టమైనది ఇంగ్లండులోని స్కిన్నర్ కుటుంబముది. వారిది చెప్పుల వ్యాపారము. ఆ ఇంటిలో జార్జి హెర్బర్ట్ స్కిన్నర్ అనే ఆయనకు మోటారు పిచ్చి. 1905 ప్రాంతమున ఆయన కల్పించిన కార్బురేటరులో నడుము ఒకే కొలతలో ఉండదు. ఇంజను ఎంత బలముగా పీల్చితే అంతగా విచ్చుకొంటుంది. ఆ విచ్చుకొనే పనికి ఆయన పెట్టినది తోలుతిత్తి. మన కమ్మరి కొలిమితిత్తి గాలిని వెళ్ళగొట్టేది. ఇది గాలి పీల్పునుబట్టి తానే కదిలేది. చెప్పులు కుట్టించే ఇంటిలో తోలుకు కొదువ ఏమున్నది? 1910లో అన్నదమ్ములు స్కిన్నర్ యూనియన్ పేరున, పొట్టిగా ఎస్.యు. పేరున, సంస్థ పెట్టినారు. పిమ్మట తోలు పోయి లోహపు పిస్టను వచ్చినది. 1926లో మోరిస్ సంస్థాధిపతి దానిని కొన్నాడు. అటుపిమ్మట అర్ధశతాబ్దికి పైగా బ్రిటిషు కార్లలో అనేకము ఆ ముక్కుతోనే ఊపిరి పీల్చినవి.

ఎస్.యు. కార్బురేటరుకు మెకానిక్కులు చేసే పరీక్ష ఒకటి ఉన్నది. ఇంజను నిదానముగా తిరుగుతూ ఉండగా ఆ పిస్టనును అంగుళములో 32వ వంతు మాత్రము పైకి ఎత్తవలెను. దానితో గాలి ఇంచుక ఎక్కువ పోతుంది. ఇంజను వేగము పెరిగి అట్లే నిలిస్తే మిశ్రమము రిచ్. వేగము పడిపోతే లీన్. క్షణకాలము కొద్దిగా పెరిగి తిరిగి యథాస్థితికి వస్తే సరిగా ఉన్నది. ఈ తీర్పు చెప్పుటకు చెవి తప్ప వేరొక పరికరము లేదు. జంట కార్బురేటర్లు ఉన్న కార్లలో రెండును సమానముగా పీల్చుచున్నవో లేదో తెలిసికొనుటకు ఒక రబ్బరు గొట్టము తీసికొని, ఒక కొన చెవిలోను, రెండవ కొన ఒక్కొక్క కార్బురేటరు మూతి దగ్గరను పెట్టి “స్” అనే సవ్వడిని పోల్చేవారు. 1816లో పారిస్ వైద్యుడు లేనెక్ కాగితమును చుట్టచుట్టి రోగి రొమ్ముపై పెట్టి విన్నాడు. స్టెతస్కోపు అట్లు పుట్టినది. మోటారు మేస్త్రీ రబ్బరు గొట్టము దాని దాయాదియే. శబ్దముతోనే పొట్టపోసికొనే మావంటి రేడియోవారికి ఈ విద్యపై కొంత పక్షపాతము ఉండుట సహజము.

చెవి పట్టలేనిదానిని పాదరసము పట్టినది. 1640లలో టోరిచెల్లి పాదరసపు గొట్టముతో వాతావరణపు బరువును కొలిచినాడు. ఆ కొలతే నేటికిని వాక్యూమ్ గేజి ముఖముపై అంగుళముల అంకెలుగా ఉన్నది. ఇంజను గాలి గొట్టమునకు దానిని తగిలించి నిదానముగా తిప్పితే, ఆరోగ్యవంతమైన ఇంజనులో ముల్లు 17 నుండి 21 అంగుళముల మధ్య కదలక నిలుస్తుంది. కదలకయే చాల దిగువన నిలిస్తే ఎక్కడనో దొడ్డిదారిని గాలి వస్తున్నదని అనుమానించవలెను. ఒక లయతో మాటిమాటికి పడి లేస్తే వాల్వు కాలినదని భావించవచ్చును. ఊరి ఎత్తును కూడ లెక్కలోనికి తీసికొనవలెను: వేయి అడుగులకు సుమారు ఒక అంగుళము తగ్గుతుంది. కాబట్టి విశాఖ తీరమున చూపిన అంకెను హైదరాబాదులో చూపలేదని ఇంజనును తప్పుపట్టరాదు.

గాలి దొంగదారి ఉన్నదని తెలిసిన పిదప ఆ దారి ఎక్కడ అనే ప్రశ్న. గాస్కెట్టు చుట్టును, థ్రాటిల్ ఇరుసు కొనల దగ్గరను చిక్కని నూనె చుక్కలు వేసి చూచేవారు. సందు ఉన్నచోట నూనె లోపలికి పోయి క్షణకాలము అడ్డుపడుతుంది, ఇంజను గొంతు మారుతుంది. కొందరు పెట్రోలు చిలుకరించేవారు. కాలే పొగగొట్టము ప్రక్కనే పెట్రోలు చల్లుట ఎంత సాహసమో చెప్పనక్కరలేదు. పాత కార్లలో ఎక్కువగా దొరికే దొంగ ఆ ఇరుసే. ఏండ్ల తరబడి తిరిగి తిరిగి దాని బుష్షు అరిగి వదులవుతుంది. స్క్రూ ఎంత తిప్పినను నిదానపు వేగము కుదురుగా నిలువదు. స్క్రూ తిప్పేవాడు మాత్రము ప్రతి నెలయు తిప్పుచునే ఉంటాడు.

ఇంతవరకు చెప్పినది రాకూడని దారిని వచ్చే గాలి. రావలసిన దారి మూసికొనుట మరొక కథ. అతి తొలి కార్లకు గాలి వడపోత లేనేలేదు. మట్టిరోడ్ల దుమ్ము తిన్నగా సిలిండరులోనికి పోయేది. ఇసుకరేణువు పోత ఇనుము కంటె కఠినమైనది. నూనెతో కలిస్తే సానపట్టే ముద్ద అవుతుంది. అది రింగులను, సిలిండరు గోడలను అరగదీస్తుంది. 1920ల నుండి ఎయిర్ ఫిల్టర్లు వాడుకలోనికి వచ్చినవి. యుద్ధకాలపు విల్లీస్ జీపులో ఆయిల్ బాత్ ఫిల్టరు ఉండేది. లోపలికి వచ్చే గాలిని నూనె మడుగు మీదికి దింపి ఒక్కసారిగా మలుపు త్రిప్పితే, గాలి మలుపు తిరుగుతుంది గాని బరువైన దుమ్ము తిరుగలేక నూనెలో పడుతుంది. 1940ల చివర మన దేశమున కూర్చబడిన జీపులతోను, పిదప ట్రాక్టర్లతోను ఈ తొట్టి మన పల్లెలకు వచ్చినది. రాయలసీమ ఎర్రదుమ్ములో ట్రాక్టరు నడిపినవారికి ఆ తొట్టి అడుగున పేరుకొనే బురదను గురించి మేము చెప్పవలసినది లేదు.

వడపోతకును ఊపిరికిని ఎప్పుడును పేచీయే. రెండవ ప్రపంచయుద్ధమున ఉత్తర ఆఫ్రికా ఎడారికి పంపిన స్పిట్‌ఫైర్ విమానములకు ముక్కు క్రింద వోక్స్ అనే పెద్ద ఫిల్టరు తగిలించినారు. ఇంజను దుమ్మునుండి బ్రతికినది గాని విమానము వేగమును, పైకెక్కే శక్తియు తగ్గినవి. ఈజిప్టులోని అబూకీర్ మరమ్మతు శిబిరమువారు అక్కడికక్కడే చిన్న ఫిల్టరు తయారుచేసి ఆ నష్టమును కొంత తీర్చుకొన్నారు. మన కార్ల సంగతియు ఇంతే. మూసికొనిన ఫిల్టరుతో కార్బురేటరు కారు నల్లపొగ వదలుతుంది. అది చూచి విసిగి ఫిల్టరునే తీసివేసి నడిపేవారు ఉన్నారు. కారు ఆ రోజుకు హుషారుగానే పోతుంది. సిలిండర్ల అరుగుదల ఎన్నో నెలల పిదప గాని బయటపడదు. అప్పటికి ఫిల్టరు ముచ్చట ఎవరికి జ్ఞాపకము ఉంటుంది?

గాలిని అంకెలతో కొలువవలసిన అవసరమును తెచ్చినది కాలిఫోర్నియా పొగమంచు. లాస్ ఏంజిలిస్ నగరమును కమ్మే మసకకు కార్లు వదిలే ఆవిరులు ముఖ్యకారణమని హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల ఆరంభములో చూపినాడు. 1961 నమూనా కార్ల నుండి అక్కడ ఇంజను అడుగుభాగపు ఆవిరులను తిరిగి గాలి గొట్టములోనికే మళ్ళించే పి.సి.వి. వాల్వు వచ్చినది. ఇది మనము కోరి పెట్టుకొన్న లీకు! దాని రబ్బరు గొట్టము పగిలితే కోరని లీకు అవుతుంది. 1970లలో పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టరు వచ్చినది. మూడు విషవాయువులను ఒక్కసారిగా చంపవలెనంటే దానికి మిశ్రమము 14.7 దగ్గరనే, వెంట్రుకవాసి తేడా లేకుండ నిలువవలెను. చెవితో, స్క్రూతో అది సాధ్యము కాదు.

కాబట్టి పొగలో మిగిలిన ఆక్సిజనును చూచి చెప్పే సెన్సారు పుట్టినది. 1970ల ద్వితీయార్ధమున వోల్వో కార్లలో మొదట వాడుకకు వచ్చినది. లోపలికి పోయే గాలిని కొలిచేది మరొకటి. 1967లో ఫోక్స్‌వాగన్ కార్లలోనికి వచ్చిన బాష్ సంస్థవారి విద్యుత్ ఇంజెక్షను గొట్టములోని ఒత్తిడిని చూచి గాలిని ఊహించుకొనేది. 1970లలో గాలి నెట్టితే తెరచుకొనే చిన్న తలుపు వచ్చినది. 1980ల ఆరంభమున వేడి తీగె వచ్చినది. ఆ తీగె వెనుకను పాత విద్యయే ఉన్నది: వేడి తీగెపై గాలి వీచితే ఎంత వేడి కొనిపోవునో 1914లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు ఎల్.వి. కింగ్ లెక్క కట్టినాడు. తీగెకు పట్టిన మురికి కాలిపోవుటకు, ఇంజను ఆపిన వెంటనే ఒక్క సెకను దానిని ఎర్రగా కాల్చే ఏర్పాటు కూడ ఉండేది.

మన దేశమున 2000 సంవత్సరములో కొత్త పొగ నిబంధనలు అమలైన ప్రాంతమున కార్ల నుండి కార్బురేటరు వైదొలగినది. 2003లో హైదరాబాదుతో సహా కొన్ని నగరములకు మరింత కఠినమైన రెండవ దశ వచ్చినది. 2020 ఏప్రిల్‌లో ఆరవ దశ వచ్చిన పిదప కొత్త మోటారు సైకిళ్ళలోను అది దాదాపు కనుమరుగైనది. 1950ల చివర పుట్టిన అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయినది. చోక్ లాగి కారు లేపే తరము అంతటితో ముగిసినదనవచ్చును.

ఇన్ని కొలతలు వచ్చిన పిదప గాలి దొంగ దొరకుట సులువు కావలెను గదా! అమెరికాలో 1996 నుండి ప్రతి కొత్త కారును తన జబ్బును అంకెల భాషలో చెప్పవలెనని శాసనము ఉన్నది. ఆ భాష నేడు మన కార్లకును వచ్చినది. స్కానరు తగిలిస్తే “పి-0171” అని వస్తుంది. “మిశ్రమము లీన్ అయినది” అని దాని అర్థము. అది చూచి చాలచోట్ల మొదట మార్చేది ఆక్సిజను సెన్సారును! పొగలో ఆక్సిజను ఎక్కువగా ఉన్నదని నిజము చెప్పినందుకు సాక్షికి పడిన శిక్ష అది. కారువాని జేబుకు వేల రూపాయల గండి పడుతుంది. దొంగ మాత్రము గొట్టములోనే ఉంటాడు.

జరిగేది ఇది. కొలిచే తీగె ఫిల్టరు పెట్టె దగ్గర ఉంటుంది. దానిని దాటిన తరువాత ఎక్కడనైన సందు ఉంటే, అక్కడినుండి వచ్చిన గాలి లెక్కకు ఎక్కదు. లెక్కలో ఉన్న గాలికి మాత్రమే కంప్యూటరు నూనె పోస్తుంది. పొగలో ఆక్సిజను మిగులుతుంది, సెన్సారు చెబుతుంది, కంప్యూటరు నూనెను నూటికి ఐదు, పది, ఇరువది పాళ్ళు పెంచుతూ పోతుంది. ఇక పెంచలేనప్పుడు దీపము వెలిగిస్తుంది. ఆ పెంపును అంకెగా చూపే ఏర్పాటు స్కానరులోనే ఉన్నది. ఇంజను నిదానముగా ఉన్నప్పుడు పెంపు ఇరువది ఉండి, 2,500 చుట్లకు తీసికొనిపోతే మూడుకో నాలుగుకో దిగితే, లీకు థ్రాటిలుకు ఆవల ఉన్నదని దాదాపు చెప్పవచ్చును. ఏలననగా నిదానములో మొత్తము గాలి తక్కువ, దానిలో దొంగగాలి వంతు ఎక్కువ. అట్లు గాక వేగము పెరిగినకొద్దీ పెంపు పెరుగుతూ పోతే తీగెకు మురికి పట్టియుండును, లేక పెట్రోలు పంపు బలహీనమైయుండును. (తీగె లేక గొట్టపు ఒత్తిడితోనే గాలిని లెక్కకట్టే కార్లలో లీకు ఉంటే లీన్ అగుటకు బదులు నిదానపు వేగము పెరుగుతుంది. ఏ కారుకు ఏ కొలతో ముందు తెలిసికొనవలెను.)

ఒక తమాషా జబ్బు చెబుతాము. కారు రివర్సులో చక్కగా పోతుంది. ముందుకు నడిపితే తడబడుతుంది. గేరుబాక్సును అనుమానించని మనిషి ఉండడు. ఫిల్టరు పెట్టెకును థ్రాటిలుకును నడుమ ముడుతలు ముడుతలుగా ఉండే రబ్బరు గొట్టము ఉన్నది. పదేండ్ల ఎండకు, ఇంజను వేడికి ఏదో ఒక ముడుత లోతున అది చీలుతుంది. అడ్డముగా కూర్చుండబెట్టిన ఇంజను, కారు ముందుకు కదిలేటప్పుడు ఒక ప్రక్కకు ఒరుగుతుంది. చీలిక నోరు తెరచుకొంటుంది. రివర్సులో రెండవ ప్రక్కకు ఒరుగుతుంది, నోరు మూసికొంటుంది. కారు నిలిపి చూస్తే ఏమియు కనబడదు. గొట్టమును చేతితో వంచి ముడుతలు విప్పి చూచినవానికే దొరుకుతుంది. బ్రేకు సర్వో గొట్టము పరీక్షయు ఇంత తేలికైనదే: ఇంజను తిరుగుతూ ఉండగా ఆ గొట్టమును గట్టిగా నొక్కిపట్టితే ఇంజను గొంతు మారి కుదుటపడినచో దొంగ ఆ వైపున ఉన్నాడు. ఏదియు దొరకనప్పుడు పొగయంత్రము ఉన్నది. ఆపిన ఇంజను గాలి గొట్టములోనికి నూనె పొగను మెల్లగా పంపితే సందులోనుండి దారమువలె పైకి లేస్తుంది. కనబడని గాలిని కంటికి చూపిన పరికరము ఇదే.

విజయవాడ ఆటోనగర్ వంటి మరమ్మతు వాడలలో స్కానరు, రబ్బరు గొట్టము రెండును ఎరిగిన పెద్ద మెకానిక్కులు నేటికిని ఉన్నారు. చీలిన గొట్టమునకు టేపు చుట్టి పంపుట వారికి నచ్చదు. నూనె ఆవిరికి జిగురు ఊడిపోతుంది, కారు ఊరు దాటకముందే చీలిక మరల తెరచుకొంటుంది. కొత్త గొట్టము వేసి, బిగింపులు సరిచూచి, పాత లెక్కను చెరిపి, కారును ఒక చుట్టు త్రిప్పి తెమ్మంటారు. కంప్యూటరు ఇన్నాళ్ళు దొంగగాలికి అలవాటుపడి నూనె పెంచుట నేర్చుకొన్నది. ఆ అలవాటు మానినదో లేదో చూడవలెను గదా. తిరిగి వచ్చిన కారుకు స్కానరు తగిలించి, ఇరువది దగ్గర ఉన్న అంకె సున్న దాపునకు దిగి అక్కడనే ఊగుతూ ఉండుట చూచి, అప్పుడు తాళపు చెవులు చేతికి ఇస్తారు.